స్వస్థతావరం నేటికీ ఉన్నదా?

రోగి తలపై చేయి ఉంచి ప్రార్థించడం క్రైస్తవ సమాజంలో ఆది నుండీ ఉన్న ఆచారం. అపొస్తలుల స్పర్శతో కుంటివారు నడిచారనీ, జ్వరపీడితులు లేచారనీ కొత్త నిబంధన చెప్పుచున్నది. ఆ శక్తి ఆ తరంతోనే అంతరించినదా, లేక నేటికీ నిలిచి ఉన్నదా? శతాబ్దాలుగా క్రైస్తవ పండితులను రెండు పక్షాలుగా విడదీసిన ప్రశ్న ఇది.

ఇరుపక్షాలకూ సాక్షిగా నిలిచినవాడు హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను. విశ్వాసం లోకమంతటా నాటుకొన్నది కనుక అద్భుతాలు ఇక కొనసాగనక్కరలేదని ఆయన సుమారు 390లో వ్రాశాడు. కాని జీవిత చరమదశలో ‘దైవనగరం’ చివరి పుస్తకంలో మరొక మాట చెప్పాడు. స్తెఫను అస్థికలు హిప్పోకు చేరి రెండేండ్లు నిండకముందే దాదాపు 70 స్వస్థతా వృత్తాంతాలు లిఖితరూపంలో లభించాయట! వాటిని ప్రజల ఎదుట చదివించే ఏర్పాటు కూడా ఆయనే చేశాడు.

ఆధునిక కాలంలో ఈ చర్చకు వేడి పుట్టించినది అమెరికా. బోస్టను నగరంలో బోధకుడైన ఎ. జె. గోర్డన్ 1882లో స్వస్థతా పరిచర్యను గురించి ఒక గ్రంథం వెలువరించాడు. సంఘపెద్దలు రోగికి నూనె రాచి ప్రార్థించాలని యాకోబు పత్రిక ఆదేశిస్తున్నది. ఆ ఆదేశానికి గడువు ఎక్కడ విధింపబడినదని ఆ పక్షం ప్రశ్న. 1906లో లాస్ ఏంజలీసులోని అజూసా వీధిలో చెలరేగిన పెంతెకొస్తు ఉద్యమం ఈ విశ్వాసాన్ని దేశదేశాలకు కొనిపోయినది.

ప్రిన్స్టన్ వేదాంతాచార్యుడు బి. బి. వార్‌ఫీల్డు 1918లో దీనికి ప్రత్యుత్తరమా అన్నట్లు ‘కృత్రిమ అద్భుతాలు’ ప్రచురించాడు. అద్భుతాలు అపొస్తలుల అధికారానికి నిదర్శనాలనీ, వారితోపాటే ఆ వరాలు ముగిశాయనీ ఆయన సిద్ధాంతం. శాసనంపై ఒకసారి పడిన రాజముద్రను మరల మరల వేయనక్కరలేదు కదా! అయితే దేవుడు ప్రార్థన ఆలకించడని ఆయన అనలేదు. మానవుని చేతికి ఆ శక్తి వరంగా లభించడం ఆగిపోయినదని మాత్రమే అన్నాడు. ఆయన భార్య అనేక సంవత్సరాలు రోగపీడితురాలై 1915లో కన్నుమూసినది. కనుక ఇది వేదన ఎరుగని పండితుని వాదం కాదు.

బాగుపడినామని చెప్పుకొనేవారి మాటను పరీక్షించే పద్ధతి కూడా ఉన్నది. ఫ్రాన్సులోని లూర్దు పుణ్యక్షేత్రంలో 1883లో వైద్య పరిశీలనా కార్యాలయం ఏర్పడినది. అక్కడికి వచ్చిన విన్నపాలు 7,000 దాటగా, 2018 నాటికి కథోలిక సంఘం అద్భుతాలుగా అంగీకరించినవి 70 మాత్రమే.

ఈ వాదంలో నిజంగా నలిగిపోయేవాడు రోగి. విశ్వసించిన ప్రతివానికీ స్వస్థత నిశ్చయమని చెబితే, బాగుపడనివానికి రోగభారంతోపాటు అవిశ్వాసి అనే నింద కూడా కలుగుతుంది. ఔషధం మానితే ప్రాణానికే ముప్పు. ద్వారం పూర్తిగా మూసివేస్తే, ప్రార్థించేవాని ఆశకు ఆధారం సడలుతుంది. అపొస్తలుడైన పౌలు సైతం త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు. తిమోతి ఉదరవ్యాధికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్నాడు. తన శరీరంలోని ముల్లు తొలగాలని ముమ్మారు వేడుకొన్నా, అది తొలగలేదు. ఈ మూడు ఘట్టాలనూ ఏ పక్షమూ కాదనజాలదు. స్వస్థత చేకూరనివానిని విశ్వాసహీనుడని నిందించే అధికారం ఎవరికీ లేదని అవి చాటుతున్నాయి.