పడుకునే ముందు తోముకోవలసిన పళ్ళు

పొద్దున్నే పళ్ళు తోమనిదే మన ఇళ్ళలో కాఫీ చేతికివ్వరు. ఎన్ని సముద్రాలు దాటినా ఆ పట్టింపు మనతోనే వచ్చింది. రాత్రి విషయంలో మాత్రం చాలామందికి అంత పట్టుదల ఉండదు. కానీ పంటికి అసలు ముప్పు రాత్రే.

మెలకువగా ఉన్నంతసేపూ లాలాజలం నోట్లోని ఆమ్లాన్ని పలచబరుస్తుంది, ఎనామిల్ కోల్పోయిన ఖనిజాలను తిరిగి అందిస్తుంది. నిద్రపట్టాక దాని ఊట బాగా తగ్గిపోతుంది. కజ్జికాయ తిని అలాగే పడుకుంటే, పాచిలోని క్రిములు ఆ తీపిని ఆమ్లంగా మార్చి ఎనామిల్‌ను కరిగిస్తాయి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్ళ ముందుపళ్ళు పుచ్చిపోయేదీ ఇందుకే. పాలపళ్ళే కదా, ఊడిపోతాయిలే అనుకోకండి. అవి వేళకు ముందే పోతే పక్క పళ్ళు జరిగి, వచ్చే పన్నుకు చోటు చాలదు.

బలంగా రుద్దితే బాగా శుభ్రమవుతాయన్న నమ్మకం చిగుళ్ళకు చేటు. అవి అరిగి, పంటి వేరు బయటపడుతుంది. మెత్తని బ్రష్‌ను పన్నూ చిగురూ కలిసే అంచున 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్నచిన్నగా కదపాలి. అమెరికా వైద్యుడు చార్లెస్ బాస్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. పాచి నిలిచేది ఆ అంచునే. గట్టిపడి గారగా మారిందంటే ఇక బ్రష్‌కు లొంగదు. కింది ముందుపళ్ళ వెనకవైపు గార త్వరగా పడుతుంది, అక్కడ మరికాస్త ఆగండి. మొత్తం రెండు నిమిషాలు చాలు.

నల్లగొండ ఫ్లోరైడ్ గోస తెలిసినవారు ఫ్లోరైడ్ పేస్టంటే జంకుతారు. ఆ భయంలో న్యాయముంది. అయితే అక్కడ ఎముకలను వంచింది ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేస్టును మింగం, అది పంటి పైనే పనిచేసి ఎనామిల్‌ను గట్టిపరుస్తుంది. 3 ఏళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, 6 ఏళ్ళ దాకా బఠాణీగింజంత చాలు. తోమాక నురగ ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ పంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. పుక్కిలిస్తే తప్ప తృప్తిలేని మనకు ఇది కష్టమే, అయినా అలవాటు చేసుకోదగ్గది.

ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి ఈ మెలకువ పట్టుబడదు, పెద్దలే దగ్గరుండి తోమాలి. ఉగాది వేడుక నుంచి వస్తూ కారులోనే నిద్రపోయిన పిల్లల్ని లేపడానికి మనసొప్పదు. కానీ బూరెలూ బొబ్బట్లూ తిన్న ఆ రాత్రే తోమడం మరీ అవసరం.