అరచేతిలో ముప్పయి టన్నుల ట్యాంకు

ముప్పయి టన్నుల బరువున్న యుద్ధ ట్యాంకును నూరోవంతు సైజుకు తగ్గిస్తే దాని బరువెంత ఉంటుంది? "మూడు వందల కిలోలు" అని వెంటనే చెప్పెయ్యకండి. కాస్త ఆగి ఆలోచించండి. జవాబు చివరిదాకా దాచిపెట్టను, రెండు పేరాల తర్వాత చెబుతాను. ముందు ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో చూద్దాం.

ఐరోపాలోనూ అమెరికాలోనూ పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా బల్లమీద యుద్ధం ఆడుకుంటారు. పెద్ద బల్లమీద ఇసుక నేల, కొండలు, చెట్లు, ఇళ్ళు అమర్చి, చిన్న చిన్న ట్యాంకులను రెండు సైన్యాలుగా నిలబెడతారు. ఏ ట్యాంకు ఎంత దూరం కదలాలో టేపుతో కొలుస్తారు. గుండు తగిలిందో లేదో పాచికలు వేసి తేలుస్తారు. ఈ ఆట వయసు రెండు వందల ఏళ్ళు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్స్ అనే యువ అధికారి, తన తండ్రి మొదలుపెట్టిన ఆటను బాగుచేసి, పటం మీద రంగు ముక్కలు జరుపుతూ సైనికాధికారులకు యుద్ధవిద్య నేర్పే సాధనంగా మార్చాడు. 1913లో ప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్స్ ఇదే తరహా ఆటను బొమ్మ సైనికులతో ఇంట్లో ఎలా ఆడుకోవాలో 'లిటిల్ వార్స్' అన్న పుస్తకంలో వివరించాడు. నేలమీద నడిచే ఇనుప యుద్ధనౌకలను 1903లోనే ఒక కథలో ఊహించిందీ ఆయనే. ఆ ఊహ 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధభూమిలో నిజమైంది. ట్యాంకులు మొదటిసారి యుద్ధానికి దిగింది ఆ రోజే.

ఇక మన లెక్క. రెండో ప్రపంచయుద్ధం నాటి షెర్మన్ ట్యాంకును తీసుకుందాం. పొడవు సుమారు 5.9 మీటర్లు, వెడల్పు 2.6 మీటర్లు, బరువు సుమారు 30 టన్నులు. 1:100 నమూనాలో పొడవు 5.9 సెంటీమీటర్లు. అగ్గిపెట్టెకన్నా కాస్త పొడుగు, అంతే. పొడవు నూరోవంతయింది. వెడల్పు, ఎత్తు కూడా నూరోవంతయ్యాయి. కాబట్టి ఘనపరిమాణం 100 × 100 × 100, అంటే పదిలక్షల వంతుకు తగ్గిపోయింది. అదే లోహంతో, అదే మందం నిష్పత్తితో చేస్తే ఈ బుల్లి ట్యాంకు బరువు 30 గ్రాములే! మూడు వందల కిలోలెక్కడ, ముప్పయి గ్రాములెక్కడ!

ఒక వస్తువును తగ్గించినప్పుడు దాని గుణాలన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గవు. కొన్ని అసలు తగ్గనే తగ్గవు. బొమ్మ ట్యాంకుకు రంగు వేసేవాడి కష్టాలన్నీ ఇక్కడినుంచే పుడతాయి.

తగ్గని వెలుగు, తగ్గని కన్ను

షెర్మన్ ట్యాంకుకు ఏ ఆకుపచ్చ రంగు వేశారో సరిగ్గా అదే రంగు తెచ్చి నమూనాకు వేశామనుకోండి. అచ్చం నిజం ట్యాంకులా ఉండాలి కదా? ఉండదు. నల్లగా, మొద్దుగా ఒక ముద్దలా కనిపిస్తుంది. దూరం పెరిగితే మధ్యలోని గాలివల్ల రంగు వెలసినట్టు కనిపిస్తుంది, అందుకే నమూనాకు లేత రంగు వెయ్యాలి అని కొందరంటారు. లెక్క చూద్దాం. బల్లమీది నమూనాను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే, నిజం ట్యాంకును 60 మీటర్ల నుంచి చూసినట్టు లెక్క. పక్క వీధిలోని ఇల్లు 60 మీటర్ల దూరంలో ఉంటే గాలివల్ల దాని రంగు మారినట్టు మీకెప్పుడైనా అనిపించిందా? లేదు. దూరపు కొండలు నీలంగా కనిపించే మాట నిజమే కాని, అవి ఎన్నో కిలోమీటర్ల అవతల ఉంటాయి.

అసలు కారణం వెలుతురు. నడి ఎండలో నేలమీద పడే వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. దీపం వెలిగే గదిలో అది కొన్ని వందల లక్స్ మాత్రమే. వెలుతురు తగ్గితే రంగులు మన కంటికి మసకగా, నిస్తేజంగా తోస్తాయి. అందుకే నమూనా చేసేవాళ్ళు అసలు రంగులో కొద్దిగా తెలుపో, లేత పసుపో కలుపుతారు.

నీడల సంగతీ ఇంతే. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అందుకే ఎండలో నీడలు కత్తితో కోసినట్టు ఉంటాయి. గదిలోని ట్యూబులైటు పొడవో? 120 సెంటీమీటర్లు. ఆరు సెంటీమీటర్ల ట్యాంకుకు అది ఎలా ఉంటుందంటే, నిజం ట్యాంకు నెత్తిన 120 మీటర్ల పొడుగు దీపం వేలాడదీసినట్టు! ఆ వెలుగు గోడలకు తగిలి నలువైపులనుంచీ వస్తుంది. ఇక నీడలు ఎక్కడ నిలుస్తాయి?

మన కన్ను కూడా తగ్గదు. మామూలు కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా విడదీసి చూడగలదు. అంటే 60 సెంటీమీటర్ల దూరంలో 0.17 మిల్లీమీటరు. ట్యాంకు మీద సెంటీమీటరు వెడల్పున్న పలకల సందు, నమూనాలో 0.1 మిల్లీమీటరు అవుతుంది. కంటికి ఆనదు. అందుకని ఆ సందును కావాలనే మూడు నాలుగు రెట్లు లావుగా, ముదురు రంగుతో గీస్తారు. వీధి నాటకంలో వేషగాడు కళ్ళకు అంత లావు కాటుక ఎందుకు పెట్టుకుంటాడు? వెనక చాపమీద కూర్చున్నవాడికి కూడా కళ్ళు కనిపించాలని. ఇదీ అంతే.

జింక పొట్ట ఎందుకు తెల్లన?

మరి లేని నీడను తెప్పించడం ఎలా? ట్యాంకు పైభాగాలకు లేత రంగు, కింది భాగాలకు, అంచుల అడుగున ముదురు రంగు వేస్తారు. వెలుగు పైనుంచి పడుతోందని కన్ను నమ్ముతుంది, వస్తువు ఉబ్బెత్తుగా లేచి కనిపిస్తుంది.

ఇప్పుడు చుక్కల జింకను గుర్తుచేసుకోండి. దాని వీపు ముదురు గోధుమ రంగు, పొట్ట తెలుపు. చేపను చూడండి, వీపు నలుపు, పొట్ట వెండి. ట్యాంకు బొమ్మకు వేసిన దానికి సరిగ్గా తలకిందులు! సూర్యుడి వెలుగు వీపుమీద పడి దాన్ని తెల్లబరుస్తుంది, పొట్ట నీడలో పడి నల్లబడుతుంది. పుట్టుకతో వచ్చిన రంగులు దానికి ఎదురుగా ఉండడంవల్ల రెండూ కొట్టుకుపోతాయి. జంతువు గుండ్రదనం పోయి, చదునుగా, పరిసరాల్లో కలిసిపోతుంది. ఈ సంగతిని 1896లో వివరించినవాడు అబట్ థేయర్ అనే అమెరికా చిత్రకారుడు. నీడలు గీసి ఉబ్బెత్తు చూపించడం తెలిసిన చిత్రకారుడికే, నీడను చెరిపి ఉబ్బెత్తు మాయం చేసే ప్రకృతి పద్ధతి కంటపడింది.

ఈ సూత్రం యుద్ధంలోకీ వెళ్ళింది. హ్యూ కాట్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు 1940లో రైలు పట్టాల మీద నడిచే రెండు పెద్ద ఫిరంగులతో పరీక్ష చేశాడు. ఒకదానికి మామూలు పద్ధతిలోనే రంగు వేశారు. రెండోదానికి జింక పద్ధతిలో పైన ముదురు, కింద లేత రంగు వేశారు. విమానంనుంచి తీసిన ఫోటోల్లో మొదటిది స్పష్టంగా కనిపించింది. రెండోదాన్ని పోల్చుకోవడమే కష్టమైంది. ఆ తర్వాత కాట్ ఈజిప్టులో సైనికులకు మరుగు రంగుల విద్య నేర్పాడు. 1942 అక్టోబరులో అక్కడి ఎల్ అలమీన్ యుద్ధానికి ముందు బ్రిటిష్ సైన్యం నిజమైన ట్యాంకుల మీద లారీ ఆకారంలో చట్రాలు, గుడ్డలు కప్పింది. వేరేచోట ఉత్తుత్తి ట్యాంకులు నిలబెట్టింది. దాడి ఎక్కడినుంచి, ఎప్పుడు వస్తుందో శత్రువుకు అంతుపట్టకుండా చెయ్యడానికే ఇదంతా.

సైనికుడు ట్యాంకు కనిపించకుండా రంగు వేస్తాడు. బొమ్మ చేసేవాడు అదే ట్యాంకు బాగా కనిపించాలని రంగు వేస్తాడు. శాస్త్రం ఒకటే, దిశ మాత్రం వేరు.

నీటిబొట్టు చేసే పని

రంగు మందంగా వెయ్యకూడదు. నమూనా మీద 0.05 మిల్లీమీటరు మందం పూత, నిజం ట్యాంకు మీద 5 మిల్లీమీటర్ల పూతతో సమానం! గీతలు, మేకుల తలలు అన్నీ పూడిపోతాయి. కాబట్టి ముందు ప్రైమరు ఒక పలచని పూత, దానిమీద రంగు రెండు మూడు పలచని పూతలు, ఒకటి ఆరాక ఒకటి వెయ్యాలి.

తర్వాత బాగా నీళ్ళు కలిపిన ముదురు గోధుమ రంగును బొమ్మంతా పులుముతారు. ఎవరూ తోయకుండానే ఆ నీళ్ళు సందుల్లోకి చేరుకుంటాయి. దీపపు వత్తిలో నూనె పైకి ఎగబాకేది ఏ గుణంవల్లో ఇదీ దానివల్లనే. దాన్ని కేశనాళికత అంటారు. ఒక్కోసారి నీళ్ళు పాకకుండా ముత్యాల్లా నిలిచిపోతాయి. అది తలతన్యత ప్రభావం. సబ్బునీరు ఒక్క చుక్క కలిపితే తలతన్యత తగ్గి రంగు చక్కగా పాకుతుంది. చదునైన చోట బొట్టు నిలిస్తే మాత్రం, ఆరాక అంచున నల్లటి వలయం మిగులుతుంది. బల్లమీద ఒలికిన కాఫీచుక్క ఆరితే మిగిలే వలయం లాంటిదే ఇది. బొట్టు అంచున నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు రంగురేణువులను మోసుకుంటూ అంచుకు పారుతుంది. దీన్ని షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో విడమర్చి చెప్పారు. అందుకే ఎక్కువైన నీటిని తడి కుంచెతో వెంటనే అద్ది తీసెయ్యాలి.

చివరగా, కుంచెకు లేత రంగు అద్ది, కాగితం మీద దాదాపు పూర్తిగా తుడిచేసి, ఆ పొడి కుంచెను బొమ్మ మీద తేలిగ్గా ఆడిస్తారు. ఎత్తుగా ఉన్న అంచులకే రంగు అంటుకుంటుంది.

ఒక హెచ్చరిక. కుంచె మొన కోసం దాన్ని నోట్లో పెట్టి తడపకండి. గడియారం అంకెలకు రేడియం రంగు వేసే అమెరికా యువతులు 1917 తర్వాత కొన్నేళ్ళపాటు ఇలాగే పెదవులతో కుంచె మొన తీర్చి, దవడ ఎముకలు కుళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీ రంగులో రేడియం ఉండదు కాని, కొన్ని రంగుల్లో హాని చేసే లోహాలుంటాయి. పాత లోహపు బొమ్మల్లో సీసం కూడా ఉండవచ్చు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ముద్ర పడని నేల

బొమ్మను ఒక చిన్న పీటమీద అతికిస్తారు. ఆటలో పీటనే పట్టుకుని జరుపుతారు కాబట్టి చేతిజిడ్డు తగిలి రంగు చెడదు. పీటమీద జిగురు పూసి ఇసుక చల్లుతారు. ఇక్కడా నిష్పత్తి మరవకూడదు. ఒక మిల్లీమీటరు రేణువు 10 సెంటీమీటర్ల రాయితో సమానం. ఆవగింజంత గులకరాయి పెడితే అది పెద్ద బండే! అందుకే ఇసుకను సన్నటి జల్లెడతో జల్లించాలి.

మరో చిత్రం చూడండి. నిజం షెర్మన్ తన ఇనుప పట్టీలకింద నేలను ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. మెత్తటి నేలలో లోతైన చాళ్ళు పడతాయి. నమూనాలో బరువు పదిలక్షల వంతు, వైశాల్యం పదివేల వంతు. కాబట్టి పీడనం నూరోవంతు, అంటే చదరపు సెంటీమీటరుకు 10 గ్రాములే. తడిమట్టి మీద పెట్టినా ముద్ర సరిగా పడదు. పీట తడిగా ఉండగానే ఆ చాళ్ళను పుల్లతో మనమే గియ్యాలి. లేకపోతే ట్యాంకు నేలమీద కాకుండా గాలిలో నిలబడినట్టు ఉంటుంది.

అట్టపీటకు ఒకవైపే జిగురు పూస్తే ఆరేటప్పుడు ఆ వైపు ముడుచుకుని అంచులు పైకి లేస్తాయి. రెండువైపులా పూయండి, లాగుడు రెండువైపులా సమానమై పీట చదునుగా ఉంటుంది.

చేసి చూడండి

బొమ్మలు కొనక్కర్లేదు. నిమ్మకాయంత మట్టి ఉండలు మూడు చేసి, ఒక్కోదాన్ని పుల్లకు గుచ్చి ఆరబెట్టండి. మూడింటికీ మట్టిగోడ రంగు వెయ్యండి. ఒకదాన్ని అలాగే ఉంచండి. రెండోదానికి పైన ముదురు, కింద లేత చెయ్యండి. మూడోదానికి పైన లేత, కింద ముదురు చెయ్యండి. మబ్బు పట్టిన రోజున వాటిని మట్టిగోడ ముందు నాటి పది అడుగులు వెనక్కి నడిచి చూడండి. ఏది మాయమైంది? ఏది ముందుకొచ్చింది? తర్వాత ఖాళీ అగ్గిపెట్టెతో ట్యాంకు చేసి మూడో ఉండలాగా రంగు వెయ్యండి. 1:300 నమూనా అయితే షెర్మన్ బరువెంతో కూడా లెక్క కట్టండి.

లెక్కకు లొంగనిది మరొకటుంది. ప్రతి షెర్మన్ ట్యాంకులోనూ అయిదుగురు మనుషులు ఉండేవారు. 1:100 నిష్పత్తిలో ఒక్కొక్కరూ 17 మిల్లీమీటర్ల ఎత్తు. బల్లమీద పాచిక తిరగబడితే ఆ ట్యాంకును తీసి పక్కన పెడతారు, మర్నాడు మళ్ళీ ఆటకు వస్తుంది. ఎల్ అలమీన్‌లో మన భారత సైన్యపు నాలుగో డివిజన్ కూడా పోరాడింది. అక్కడి ఎడారి శ్మశానంలో ఏడువేలకు పైగా సమాధులున్నాయి. వెల్స్ తన పుస్తకం చివర ఇదే మాట చెప్పదలిచాడు: నిజం యుద్ధం ఎంత పెద్ద పొరపాటో ఈ ఆటలో ఎవరికైనా త్వరగా తెలిసొస్తుందని. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. మీ అగ్గిపెట్టె ట్యాంకు మూతకు కన్నం పెట్టి, అందులోంచి తల బయటపెట్టి చూస్తున్న ఒక మనిషిని కూడా చెయ్యండి. 17 మిల్లీమీటర్లే కదా అని అతని ముఖానికి రంగు వెయ్యడం మాత్రం మానకండి.