చేపలలో సహజ రోగనిరోధక శక్తిని పెంపొందించడం

చెరువులోని వేలాది బొచ్చె, శీలావతి పిల్లలను ఒక్కొక్కటిగా పట్టి టీకా సూది వేయడం రైతుకు సాధ్యమయ్యే పని కాదు. పైగా చేప శీతల రక్త జీవి. నీరు చల్లబడితే దాని శరీరంలో ప్రతిదేహాల తయారీ మందగిస్తుంది. కొల్లేరు ప్రాంతపు చెరువుల్లో రైతులు భయపడే పుండ్ల వ్యాధి చలికాలంలో విజృంభించడానికి ఇదొక కారణం. దానిని కలిగించే అఫనోమైసిస్ ఇన్వడాన్స్‌కు చల్లని నీరే అనుకూలం.

అందువల్ల చేపకు పుట్టుకతో వచ్చిన రక్షణే ముఖ్యాధారం. ఒంటిమీది జిగురు, అందులోని లైసోజైమ్ ఎంజైమ్, రక్తంలోని పూరక ప్రోటీన్లు, సూక్ష్మజీవులను మింగే భక్షక కణాలు ఇందులో భాగాలు. ఈస్ట్ కణకవచం నుంచి తీసిన బీటా గ్లూకాన్‌ను మేతలో కలిపామనుకోండి. శిలీంధ్రాల కణకవచంలోనూ ఉండే పదార్థం కాబట్టి, భక్షక కణాలు దానిని గుర్తించి, శత్రువు రాకముందే అప్రమత్తమవుతాయి.

ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిదనుకోకండి. మోతాదు మించినా, నెలల తరబడి ఆపకుండా ఇచ్చినా ఈ స్పందన తగ్గిపోవచ్చు. చలికాలానికి ముందు, లేదా చేపలను మరో చెరువుకు మార్చే ముందు కొన్ని వారాలు ఇచ్చి ఆపడం మేలు. వ్యాధి ముదిరాక ఇది మందుగా పనిచేయదు.

తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా? ఆక్సిజన్ చాలడం లేదన్నమాట. ఆ ఒత్తిడిలో కార్టిసాల్ హార్మోన్ పెరిగి, రక్షణ కణాల పనిని అణచివేస్తుంది. అటువంటి చెరువులో ముందు ఏరేటర్లు తిప్పించాలి, చేపల సాంద్రత తగ్గించాలి. గ్లూకాన్ ఖర్చు ఆ తరువాతి మాట.