మీకు తెలుసా? మీ హాలే ఓ సినిమా హాలు!

హోమ్ థియేటర్ స్పీకర్ల డబ్బా మీద '5,000 వాట్స్ పీఎంపీఓ' అని ఉందా? మురిసిపోకండి! ఆ ప్లగ్గు పెట్టేది మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌లో. దాని నుంచి నిలకడగా లాగగలిగేది మహా అయితే 1,380 వాట్లు! మరి మిగతావి ఎక్కడివి? డబ్బా మీదవి, అంతే! నిలకడగా ఇచ్చే పవర్‌ను చెప్పే 'ఆర్ఎంఎస్' అంకె వెతకండి. కొనేటప్పుడు చూడాల్సింది దాన్నే!

వాట్లు రెట్టింపైతే మోత కూడా రెట్టింపవుతుందని అనుకుంటున్నారా? కానే కాదు! చెవికి రెండింతలు గట్టిగా వినబడాలంటే దాదాపు 10 రెట్ల పవర్ కావాలి! 50 వాట్లకు బదులు 100 వాట్లది కొంటే డబ్బు తేడా బాగానే తెలుస్తుంది. చెవికి మాత్రం కొంచెమే!

మరి డబ్బు పెట్టకుండా మోత పెంచాలంటే? స్పీకర్లను దగ్గరికి జరపండి! దూరం సగమైతే నేరుగా చెవికి చేరే శబ్దం 4 రెట్ల పవర్ పెట్టినంత పెరుగుతుంది. సోఫా కాస్త ముందుకు లాగినా చాలు!

స్పీకర్ల కోసం ఖరీదైన వైరు కొనబోతున్నారా? ఆగండి! ఇంట్లో లైట్లకు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు! మామూలు 8 ఓమ్స్ స్పీకరుకు హాలు ఈ మూల నుంచి ఆ మూలకు హాయిగా సరిపోతుంది. కరెంటు సామాన్ల కొట్లో అడగండి, మీటర్ల లెక్కన కోసిస్తారు!

బేస్, అంటే లోతైన శబ్దాలు పలికించే సబ్‌వూఫర్ సోఫా వెనక దాక్కున్నా మీ చెవి పట్టుకోలేదు! 80 హెర్ట్జ్ కంటే లోతైన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పడం మనకు దాదాపు అసాధ్యం. సినిమాలో ఏనుగు తెర మీద అడుగేస్తుంది. దబ్బుమనేది మీ వెనక! అయినా ఏనుగే అనిపిస్తుంది!

20 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవెంతో తెలుసా? 17 మీటర్లు! మీ హాలు కంటే పొడవు! అందుకే బేస్ గోడలకు కొట్టుకుని ఒకచోట ఉబ్బుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. ఓ చిట్కా చెప్పనా? సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట పెట్టి పాట వేయండి. మీరు చంటిపిల్లాడిలా గోడల వెంట పాకండి! బేస్ ఎక్కడ నిండుగా వినబడితే సబ్‌వూఫర్ స్థానం అక్కడే!

5 స్పీకర్లకు డబ్బు చాలలేదా? రెండింటితోనే ఓ ఇంద్రజాలం చేయొచ్చు! కుడి, ఎడమ స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటి నుంచి మీకూ అంతే దూరం ఉండాలి. మూడు మూలల్లోనూ 60 డిగ్రీలు! ఇప్పుడు కళ్లు మూసుకోండి. హీరో మాట సరిగ్గా మధ్యలోంచి వస్తుంది. అక్కడ స్పీకరే లేదు!

55 అంగుళాల టీవీ 32 అంగుళాల దానికంటే ఎంత పెద్దది? రెట్టింపు కూడా లేదనుకున్నారా? తెర వైశాల్యం దాదాపు 3 రెట్లు! అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు మరి, మోసపోయేది మన కళ్లే!

అంతకన్నా తీపి కబురు! 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది కదా? 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతమే! మిగిలిన డబ్బు స్పీకర్లకు మళ్లించండి!

ప్రొజెక్టర్‌కు నలుపు రంగు వేయడం చేతకాదు! తెర మీద హీరో వేసుకున్న నల్లకోటు నిజానికి వెలుతురు పడని తెల్లగోడ! అందుకే గది ఎంత చీకటైతే కోటు అంత నల్లన. బొమ్మ మసకగా ఉందా? 100 అంగుళాల బొమ్మను 70కి కుదించండి. అదే ప్రొజెక్టర్, వెలుగు మాత్రం 2 రెట్లు!

కొత్త టీవీలో సినిమా సీరియల్‌లా కనబడుతోందా? తప్పు సినిమాది కాదు! సినిమాకు సెకనుకు 24 ఫ్రేములే. మధ్యలో లేని ఫ్రేములను టీవీయే సొంతంగా పుట్టించి ఇరికిస్తోంది! సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. మీ సినిమా మీకు తిరిగొస్తుంది!

చివరి రహస్యం, ఇంకాస్త దగ్గరికి రండి! శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పరుగెడుతుంది. నేరుగా మీ చెవిని చేరిన మరుక్షణమే పక్కగోడకు తగిలిన శబ్దం కూడా వచ్చి మాటను మసకబారుస్తుంది! అది గోడ మీద ఎక్కడ తగులుతోందో కళ్లతో చూడొచ్చు! మీరు సోఫాలో కూర్చోండి. పిల్లల చేత చేతి అద్దాన్ని గోడ వెంట జరిపించండి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనబడిందో, అదే ఆ చోటు! అక్కడ అమ్మమ్మ కుట్టిన మందపాటి బొంత వేలాడదీయండి. ఇక మాట మాటా తేటగా వినండి!