పిల్లలున్న ఇంట్లో మరమ్మతు పని



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పసిపిల్లల్ని పెట్టుకుని, ఉంటున్న ఇంటినే బాగుచేయించి చూడు అని మూడో మాట కూడా చేర్చి ఉంటే సరిపోయేది. ఠాకురాణి యాత్ర వస్తోందనో, ఇంట్లో పెళ్ళనో, కప్పు కారుతోందనో ఎప్పుడో ఒకప్పుడు మేస్త్రీని పిలవక తప్పదు. ఆ నెలా రెండు నెలలు పిల్లల్ని ఎలా చూసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

మన బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. పక్కింటికీ మనకూ గోడ ఒకటే. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు. పక్కన సందు ఉండదు. పెరట్లో స్నానాలగది కట్టించాలన్నా ఇసుక తట్టలు పడకగదిలోంచే వెళ్ళాలి. గంజాం పల్లెల్లోనూ, ఇటు ఇచ్ఛాపురం వైపు ఊళ్ళలోనూ ఈ వరుస ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఇలాంటి ఇంట్లో పని ఒక మూల జరుగుతున్నా దుమ్ము అన్ని గదులకూ వస్తుంది.

పని మొదలెట్టగానే పిల్లలు పరంజా ఎక్కి పడతారేమోనని భయపడతాం. ఆ భయం సహజమే. అయితే పరంజా కంటికి కనిపిస్తుంది, పిల్లాణ్ణి అటు పోకుండా పట్టుకోగలం. పాత తలుపులు, కిటికీలు గీకినప్పుడు లేచే రంగు పొడి సంగతి అలా కాదు. వెనకటి రోజుల్లో ఎనామిలు రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం కలిపేవారు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన వచ్చింది. అది 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన ఎనామిలులో సీసం ఉందనే అనుకుని పని చేయించండి. వట్టి సున్నం కొట్టిన గోడలతో ఈ బెడద లేదు. చూసుకోవలసింది తలుపులు, కిటికీలు, ఇనుప ఊచలు.

కడుపులోకి వెళ్ళిన సీసం పెద్దవాళ్ళకన్నా పసివాళ్ళ ఒంట్లో నాలుగైదు రెట్లు ఎక్కువగా ఇంకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాకే పిల్లాడు నేల మీద ఆనించిన చేతులే నోట్లో పెట్టుకుంటాడు. వెంటనే జ్వరం రాదు, వాంతి రాదు, మనకేమీ తెలియదు. దెబ్బ మెల్లగా మెదడు మీద పడుతుంది. పిల్లాడికి చదువు తలకెక్కదు, ఒకచోట కుదురుగా కూర్చోలేడు. బడిలో వాడికి మొద్దు అని పేరు పెడతారు గాని, వాళ్ళింట్లో ఎప్పుడో గీకిన తలుపు ఎవరికి గుర్తుకొస్తుంది?

అందుకని రంగును పొడిగా గీకనివ్వకండి. మంటతో కాల్చి ఊడదీయడం ఇంకా చెడ్డది. నీళ్ళు చల్లి, తడి మీదే గరుకు కాగితం పట్టించండి. వీలైతే తలుపు రెక్కలను మడతబందుల దగ్గర ఊడదీసి పెరట్లో చేయించండి. కింద టార్పాలిను పరిచి, రాలిందంతా మూటగట్టి పారేయండి. చీపురు వాడకండి, తడిగుడ్డతో తుడవండి. పాత రంగు ఇంకా గట్టిగా అంటుకునే ఉంటే, దాన్ని కదపకుండా పైనే కొత్త రంగు వేయించడం అన్నిటికన్నా మేలు. ఖర్చూ తక్కువే.

పాత ఆస్బెస్టాస్ రేకులు దింపేటప్పుడూ ఇదే పద్ధతి. తడిపి, బోల్టులు విప్పి, రేకును రేకుగానే దింపాలి. రంపంతో కోసినా, పైనుంచి పడేసినా అందులోంచి లేచే సన్నని పీచు ఊపిరితిత్తులకు ప్రమాదం, కాన్సరుకు కూడా దారితీస్తుంది.

ఇక నీళ్ళ డ్రమ్ము. ఏడాది రెండేళ్ళ పిల్లలకు తల బరువెక్కువ. తొంగిచూసి తలకిందులుగా పడితే పైకి రాలేరు. బకెట్టులో జానెడు నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి, చప్పుడు కూడా వినిపించదు. మేస్త్రీ వెళ్ళేముందు డ్రమ్ము బోర్లించి వెళ్ళాలని మొదటిరోజే ఒప్పందం చేసుకోండి. శ్లాబు మీద నీళ్ళు కట్టినప్పుడు వారానికొకసారైనా పూర్తిగా తీసేసి మళ్ళీ కట్టండి, లేకపోతే డెంగ్యూ దోమలను మనమే పెంచినట్టు. సున్నం నానబెట్టే చోటికి పిల్లల్ని అసలే రానివ్వకండి. సున్నం గాని తడి సిమెంటు గాని కంట్లో పడితే, ముందు ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళు పోసి కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తండి.

రంగుపని వాళ్ళు థిన్నరును, టర్పెంటైనును కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెట్టుకుంటారు. దాహం వేసిన పిల్లకు ఆ సీసా ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. పొరపాటున తాగితే వాంతి చేయించకండి. వాంతితో అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. 108కి ఫోను చేయండి, సీసాను కూడా వెంట తీసుకెళ్ళండి.

పనివాళ్ళకు ఇవన్నీ మొదటిరోజే, వాళ్ళకు వచ్చిన భాషలో చెప్పండి. ఒడియాలో ‘ఘరే పిలా అఛంతి’ అంటే చాలు. వాళ్ళ పిలా అన్నా మన పిల్ల అన్నా వినడానికి ఒకటే మాట. వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలుంటారు.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటారా? కప్పు విప్పే పని అయితే సంక్రాంతి వెళ్ళగానే మొదలెట్టి వానలకు ముందే ముగించండి. వానల తర్వాత చూద్దామని వాయిదా వేస్తే తుఫానుల నెల వచ్చేస్తుంది. 1999లో మన తీరాన్ని కొట్టిన తుఫాను, 2013లో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018లో పలాస వైపు వచ్చిన తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి.

పిల్లల మనసు సంగతి కూడా ఒకటుంది. ఇల్లంతా తలకిందులైతే పెద్దవాళ్ళకు విసుగు, చిన్నవాళ్ళకు దిగులు. అలవాటైన మూల కనిపించక రాత్రిళ్ళు ఏడుస్తారు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలెడతారు. కొట్టకండి. పనికి దూరంగా ఉన్న ఒక గదిని, ఎంత ఇరుకైనా సరే, చివరిదాకా కదపకుండా ఉంచండి. అదే చాప, అదే దుప్పటి, పుస్తకాలసంచికి అదే మేకు. దాని గుమ్మానికి తడిపిన పాత చీర వేలాడదీస్తే దుమ్ము చాలామటుకు ఆగుతుంది. ఆ గదిలోనే వాళ్ళ తిండి, వాళ్ళ నిద్ర. పాలిచ్చే తల్లి కూడా అక్కడే ఉండాలి. సుత్తి దెబ్బలు ఎక్కువగా ఉండే రోజుల్లో పిల్లల్ని అమ్మమ్మగారింటికో, వీధిలో తెలిసినవాళ్ళింటికో పంపండి.

పని అయిపోయిన రోజున వెంటనే గృహప్రవేశంలా సామాను సర్దేయకండి. తలుపులన్నీ తీసిపెట్టి, నేలను తడిగుడ్డతో రెండుసార్లు, నీళ్ళు మార్చి తుడవండి. కిటికీ గట్లు, అలమార అరలు తుడవండి. బొమ్మలు సబ్బునీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. ఆ తర్వాతే చంటిపిల్లాణ్ణి కిందికి దించండి.