దవడకూ దిగులు తెలుసు

చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. మడతబందులా తిరగడమే కాదు, ముందుకు జారుతుంది కూడా!

ఇప్పుడు మీ పై పళ్లు కింది పళ్లను తాకుతున్నాయా? ఊరక కూర్చున్నప్పుడు వాటి నడుమ 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. దిగులుగా ఉంటే తెలియకుండానే పళ్లు బిగిస్తాం. కొందరు నిద్రలో పటపట కొరుకుతారు. (ఇంట్లో కడుపులో పురుగులంటారే గాని, దిగులేమిటని అడగరు!) బిగిసిన కండరాలు అలసి, కణతల్లో, చెవి దగ్గర నొప్పి పుడుతుంది.

నొప్పి ముందా, దిగులు ముందా? అమెరికాలో ఈ నొప్పి లేని 2,700 మందికి పైగా కొన్నేళ్లు గమనించారు. ముందునుంచే మానసిక ఒత్తిడిలో ఉన్నవారికి అది ఎక్కువగా వచ్చిందని 2013లో తేలింది. నొప్పితో నిద్ర చెడి, దిగులు ఇంకా పెరుగుతుంది.

కీలు టక్కుమన్నంత మాత్రాన భయం లేదు. నోరు తెరవడం కష్టమైతే దంతవైద్యునికి చూపించుకోండి.