మీకు తెలుసా? ఈ ఎండాకు పంచదారను మించిన తీపి!

షుగర్ ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు స్టీవియా మాట తరచుగా వినిపిస్తోంది. నర్సరీల్లో ‘మధుపత్రి’ పేరుతో మొక్కలూ దొరుకుతున్నాయి. అయితే కుండీలో పెంచి ఎండబెట్టుకున్న ఆకూ, కొట్లో కొన్న తెల్లటి పొడీ ఒకటి కావు. వాడేముందు ఈ సంగతులు చూడండి.

• దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే, అందులోనూ అమంబాయ్ కొండసీమ. అక్కడి గ్వారనీ ప్రజలు చేదుగా ఉండే మాతే పానీయంలో ఈ ఆకు వేసుకుని తరతరాలుగా తాగుతున్నారు. స్విట్జర్లాండ్‌లో పుట్టి పరాగ్వేలో స్థిరపడిన వృక్షశాస్త్రవేత్త మోయిసెస్ బెర్తోనీ 1899లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నవి ఎండిన ముక్కలే కావడంతో వేరే ప్రజాతిలో చేర్చారు. బతికున్న మొక్కను పరిశీలించాక, 1905లో స్టీవియా ప్రజాతికి మార్చారు. కనుగొన్న ఘనత పుస్తకాల్లో ఆయనకే దక్కినా, ఆకు గుణం ముందుగా తెలిసింది గ్వారనీలకే. స్టీవియా వ్యాపారంలో వచ్చే లాభంలో తమకూ వాటా కావాలని వారు అడుగుతున్నారు. అది న్యాయమైన కోరిక.

• ఇది చామంతి, పొద్దుతిరుగుడుల కుటుంబానికి చెందిన మొక్క. పగటి పొద్దు తగ్గితే తెల్లటి చిన్న పూలు పూస్తుంది. పూత రాకముందే ఆకు కోయాలి, తీపి బాగా ఉండేది అప్పుడే. గింజలు సరిగా మొలవవు కాబట్టి కొమ్మలు నాటి పెంచుతారు. కాడల్లో తీపి తక్కువ. అందుకే ఎండిన తర్వాత ఆకు దూసి, కాడలు తీసేస్తారు.

• ఎండాకు పొడి పంచదార కన్నా సుమారు 10 నుంచి 15 రెట్లు తీపి. ఆకులోంచి తీసి శుద్ధి చేసిన స్టీవియోల్ గ్లైకోసైడ్లయితే 200 నుంచి 300 రెట్లు. ఆకు నోట్లో వేసుకుంటే తీపి వెంటనే తగలదు. కాస్త ఆలస్యంగా మొదలై చాలాసేపు నాలుకను అంటిపెట్టుకుని ఉంటుంది, చివర్లో అతిమధురం లాంటి రుచీ, కొద్దిగా చేదూ తెలుస్తాయి. ఆ గ్లైకోసైడ్లే చేదు గ్రాహకాలను కూడా తట్టడం ఇందుకు కారణం.

• కప్పు టీకి చిటికెడు పొడి చాలు. కానీ అది ఆకు, కరగదు. కప్పు అడుగున ఆకుపచ్చ నలుసులు మిగులుతాయి. ఆకును వేడినీళ్ళలో వేసి, మూతపెట్టి, కొద్దిసేపయ్యాక వడగట్టి ఆ నీళ్ళు వాడుకోవడం మేలు. ఎక్కువసేపు మరిగిస్తే చేదెక్కుతుంది.

• ఈ తీపి రక్తంలో చక్కెరను ఎందుకు పెంచదు? గ్లైకోసైడ్లను మన జీర్ణరసాలు విడగొట్టలేవు. అవి పెద్దపేగు దాకా వెళ్ళాక అక్కడి సూక్ష్మజీవులు వాటిలోని గ్లూకోజ్‌ను తీసుకుంటాయి. మిగిలిన స్టీవియోల్ కాలేయం మీదుగా మూత్రంలో బయటికి పోతుంది.

• స్టీవియాతో పాకం రాదు. తీగపాకమైనా, ముదురుపాకమైనా చక్కెర చిక్కబడితేనే వస్తుంది. అందుకే అరిసెలకు ఇది పనికిరాదు. బొబ్బట్ల పూర్ణంలో తీపి మటుకు ఇవ్వగలదు. అయితే బెల్లం మానేసినా మైదా, శనగపప్పు అలాగే ఉంటాయి. ‘స్టీవియా బొబ్బట్టు కదా’ అని నాలుగు తింటే షుగర్ పెరగక మానదు.

• మన అడవుల్లో దీనికి సరిగ్గా ఎదురు నడిచే ఆకు ఉంది: పొడపత్రి. అది నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక తిన్నట్టే ఉంటుంది. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కొంతసేపు మూసేస్తాయి. స్టీవియా తీపి తెలిసేదీ ఆ గ్రాహకాల ద్వారానే.

• చట్టం దృష్టిలోనూ ఆకు వేరు, సారం వేరు. శుద్ధి చేసిన గ్లైకోసైడ్లను ఐరోపా సమాఖ్య 2011లో, మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ 2015లో అనుమతించాయి. రోజుకు కిలో శరీర బరువుకు 4 మిల్లీగ్రాములు, స్టీవియోల్ లెక్కన, అన్నది అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన హద్దు. అమెరికాలో మాత్రం ముడి ఆకును తీపి పదార్థంగా ఆహారంలో కలిపి అమ్మడానికి ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. ఆకు విషమని దీనర్థం కాదు, సారం మీద జరిగినన్ని పరీక్షలు ఆకు మీద జరగలేదు.

• బరువు తగ్గడానికి చక్కెరేతర తీపి పదార్థాలను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అందులో స్టీవియా కూడా ఉంది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదు. వారు తమ డాక్టరును అడిగి వాడుకోవాలి.

• ‘స్టీవియా’ అని పెద్ద అక్షరాలతో ఉన్న సాచెట్‌లో స్టీవియా ఉండేది చాలా కొద్దిగానే. స్పూనుకు అందేలా పరిమాణం పెంచడానికి ఎరిత్రిటాల్, డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటివి కలుపుతారు. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. మాల్టోడెక్స్‌ట్రిన్ కూడా కడుపులోకి వెళ్ళాక గ్లూకోజ్‌గానే మారుతుంది. షుగర్ కోసం స్టీవియా కొంటున్నట్టయితే ప్యాకెట్ తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో ఈ రెండు పేర్లు ఉన్నాయేమో చూసి కొనండి.